గుషేషెలో నీళ్లు

ఆ ఉదయం ఆకాశం ఎర్రమట్టి రంగులో ఉంది. రాత్రంతా పడమటి ఎడారి వైపు నుంచి వీచిన గాలి దుమ్మును పైకి లేపి అక్కడే వదిలేసి పోయింది. పొద్దు పొడిచింది గానీ కళ్లు చిట్లించకుండానే సూర్యుణ్ణి చూడొచ్చు; తోమి బోర్లించిన సత్తు పళ్లెంలా ఉన్నాడు. మబ్బన్నది లేదు. మోంచివా ఊళ్లో సెప్టెంబరంటే ఇంతే.

ఆ ఎర్రటి వెలుతురులో టోయింగ్ బండి వెనక్కి వెనక్కి వచ్చి ఖుమో ఇంటి గేటు ముందు ఆగింది. ఖుమో కూతురు తిరెలో షెడ్డుకు అడ్డంగా నిలబడింది.

“జరుగు,” అన్నాడు బాబాయి ఒలెబిలె.

“జరగను బాబాయ్.”

“బండాయన ఇంకా మూడు చోట్లకి పోవాలంట.”

“పొమ్మను. నేనేమన్నా పట్టుకున్నానా?”

టోయింగ్ డ్రైవరు అద్దం దించాడు. “నన్ను మీ మధ్యలోకి లాగకండి సార్. లాగేవాణ్ణి నేను.”

షెడ్డులో గుషేషె ఉంది. తెల్లటి, రెండు తలుపుల పాత కారు; ఆ రకం కార్లన్నిటినీ అక్కడ ముద్దుగా ఆ పేరుతోనే పిలుస్తారు. ముక్కు కొంచెం ముందుకు వంగి, పొడవబోయే కోడెలా ఉంటుంది. వయసు ముప్ఫై నాలుగు. ఖుమో పోయి ఏడాది. అతని చొక్కాలు, బూట్లు మూటకట్టి అటక మీద పెట్టిన రోజే కారు మీద కూడా నల్లగుడ్డ కప్పారు. ఏడాది పాటు తాళం తిప్పలేదు. పోయిన ఆదివారం గుడ్డ తీసి తాళం తిప్పితే అరనిమిషం ఆడి, తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. ఆయిల్ మూత విప్పితే అడుగున మీగడలాంటి ముద్ద.

టౌను నుంచి రెండు షాపుల వాళ్లు వచ్చారు. ఇద్దరూ మూత విప్పి ఆ తెలుపు చూసి ఒకే మాట చెప్పారు. ఇంజను మీది హెడ్ పగిలింది, రేడియేటర్ నీళ్లు ఆయిల్లోకి దిగాయి, ఇంజను దింపాలి, మా దగ్గర వదిలేసి వెళ్లండి.

ఆ చివరి మాటకే తిరెలో ఒప్పుకోలేదు. గుషేషె ఇంజనంటే ఎవరికి చేదు? పక్క వీధి టీచరు కిందటేడు తన బండిని వారం రోజులు షాపులో వదిలాడు. తెచ్చుకున్నాక నెల రోజులు బోనెట్ ఎత్తి దాని గొంతు వింటూ కూర్చున్నాడు. ఇది నా బండి గొంతు కాదు అని భార్యతో చెప్పేవాడు. ఇంజను మార్చేశారని రుజువు చెయ్యలేకపోయాడు.

“చూడు తిరెలో,” ఒలెబిలె గొంతు తగ్గించాడు. “శనివారం మీ అమ్మ ఏడాది మైల తీరి నల్లబట్టలు విప్పుతుంది. ఆ రోజే అన్న సామాను పంచాలి. నడవని కారుని ఎవరికని పంచుతాం? కొనేవాడు రేపు పొద్దున్నే వస్తున్నాడు. మా ఇంటి ముందు పెడితే చూసుకుంటాడు.”

“చూసుకుని ముక్కలు చేస్తాడు. హెడ్ ఒకడికి, గేర్ బాక్సు ఒకడికి, సీట్లు ఇంకొకడికి.”

“చచ్చిన ఎద్దుని కోస్తారా, కొట్టంలో కట్టి గడ్డేస్తారా?”

“చచ్చిందని ఎవరన్నారు?”

“ఇద్దరు మెకానిక్కులు.”

“వాళ్లు బోనెట్ కింద చెయ్యి కూడా పెట్టలేదు బాబాయ్. మూత తీశారు, తల అడ్డంగా ఊపారు, టీ తాగి పోయారు. ఆ మాత్రం నువ్వూ చేస్తావ్.”

డ్రైవరు నవ్వు ఆపుకోవడానికి అద్దం పైకెత్తాడు.

అరుగు మీద మేనత్త సెగొమొట్సో కూర్చుని ఉంది. ఖుమోకి అక్క. శనివారం మరదలి నల్లబట్టలు విప్పించేది ఆవిడ. సామాను పంచేదీ ఆవిడే. ఆ ఇంట్లో ఆవిడ మాట దాటిన మనిషి ఇంతవరకూ లేడు.

“ఇచ్చెయ్యండి,” అంది అత్త. “అది వెనక మిగలడం మీ నాన్నకి ఇష్టం లేదు. ఇష్టముంటే ఆదివారం ఆగిపోయేది కాదు.”

అంటున్నప్పుడు ఆవిడ కారు వైపు చూడలేదు. తిరెలో గమనించింది. తమ్ముడి మీద దుఃఖం అనుకుంది.

“మొడిసె దగ్గరికి తీసుకెళ్లండి.”

అందరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు. తిరెలో తల్లి అక్కడ నిలబడి ఉంది. ఊరంతా ఆవిడను మ్మా తిరెలో, అంటే తిరెలో అమ్మ, అంటారు. నల్ల గౌను, నల్ల తలగుడ్డ, భుజాల మీద పిన్నీసు పెట్టిన నల్ల శాలువా. ఏడాదిగా ఆవిడ నలుగురిలో మాట్లాడింది వేళ్ల మీద చెప్పొచ్చు.

“లొట్లకానె ఊరి మొడిసెనా?” ఒలెబిలె నుదురు చిట్లించాడు. “ఆ చెవిటాయనా? ఇంకా పని చేస్తున్నాడా వదినా?”

“చేస్తున్నాడు. మీ అన్న పదిహేడేళ్లు ఇంకొకరి చేత ముట్టించలేదు.”

“మరి ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదమ్మా?”

తల్లికి బదులు అత్త చెప్పింది.

“ఎలా చెబుతుంది? మొడిసె దగ్గర యజమాని పక్కన కూర్చోవాలి. కూర్చోకపోతే ఆయన పానా ముట్టడు. ఇప్పుడు యజమాని ఎవరు?”

యజమాని నల్లబట్టల్లో ఉంది. నల్లబట్టలు ఒంటి మీద ఉన్న మనిషి పరాయి గేటు దాటకూడదు.

“నేను కూర్చుంటా,” అంది తిరెలో.

“నువ్వెవరివే? శనివారం దాకా ఈ ఇంట్లో చెంచా కూడా నీది కాదు.”

“నేను వెళ్తాను,” అంది తల్లి. “గేటు దాటను. బయటే కూర్చుంటాను. పొద్దు కుంకేలోగా ఇంటికొచ్చేస్తాను. మీరు తోడు రండి వదినా.”

“నేనా?”

“ఒక్కదాన్నే వెళ్లకూడదు కదా.”

అత్త చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. తర్వాత లేచి శాలువా దులుపుకుంది.

ఒలెబిలె టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “సరే. సాయంత్రం తిండి వేళకి ఆ బండి తన కాళ్ల మీద ఇంటికి రావాలి. మళ్లీ కొక్కేనికి వేలాడుతూ వస్తే రేపు తాళం వాడి చేతిలో పెడతా. సరేనా అక్కా?”

అత్త తలూపింది.

“ఎటో ఒక దిక్కు చెప్పండమ్మా,” అన్నాడు డ్రైవరు. “ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది.”

*

మొడిసె ఇంటికి బోర్డు లేదు. ముళ్లకంచె, లోపల రెండు తుమ్మచెట్లు, చెట్ల కింద ఒక బెంచీ. ఆ బెంచీ మధ్యలో పలక అరిగి దోనెలా అయింది. యజమానులు కూర్చుని కూర్చుని అయిన పల్లం అది.

కారు దించి డ్రైవరు వెళ్లిపోయాడు. తల్లి గేటు బయట కంచె నీడలో చాప పరుచుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. అత్త పక్కన కూర్చుంది.

మొడిసె బయటికి వచ్చాడు. ఎండిన మనిషి, పొడుగు. నల్లబట్టలు చూసి టోపీ తీశాడు. తర్వాత గేటు చూశాడు. బెంచీ చూశాడు. ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాడు.

“అయిపోయింది,” అంది అత్త. “ఒప్పుకోడు. పదండి.”

ఆయన తిరిగి వచ్చాడు. ఒక చేతిలో జాకీ, ఇంకో చేతిలో పానాల పెట్టె. మళ్లీ వెళ్లి టార్పాలిను తెచ్చాడు. మళ్లీ వెళ్లి నాలుగు చెక్క దిమ్మలు తెచ్చాడు. అలా ఏడుసార్లు తిరిగి తన షాపంతా గేటు బయటికి, వీధిలోకి తెచ్చిపెట్టాడు. తిరెలో సాయం చెయ్యబోతే చేత్తో వారించాడు.

ఎదురింటాయన గోడ మీంచి కేకేశాడు. “ఏం మొడిసె, లోపల అద్దె కట్టలేక బయటికొచ్చావా?”

మొడిసెకు వినపడలేదు. లేదా వినపడనట్టు ఉన్నాడో ఏమో.

చివరికి ఆయన తెచ్చింది ఉతికి మడతపెట్టిన తెల్లటి పిండిసంచి గుడ్డ. దాన్ని తల్లి ఒళ్లో పరిచి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

“ఈ బండిలోంచి బయటికొచ్చేది ప్రతిదీ మీ ఒళ్లోకొస్తుంది. లోపలికి పోయేది ప్రతిదీ మీ ఒళ్లోంచి పోతుంది. నేను చెయ్యి చాపినప్పుడు ఇవ్వాలి. నిద్రపోకూడదు.”

“నిద్రపోను.”

“ఖుమో నిద్రపోయేవాడు.”

తల్లి శాలువా అంచు నోటి మీదకు లాక్కుంది. అది నవ్వే. ఏడాదిలో తిరెలో చూసిన మొదటి నవ్వు.

“హెడ్ పగిలిందన్నారండీ,” తిరెలో గట్టిగా అరిచింది.

“అరవకు. నా వైపు తిరిగి చెప్పు చాలు. వాళ్లు ఏం చూశారు?”

“మూత కింద తెలుపు.”

“తెలుపంటే ఆయిల్లో నీళ్లున్నాయని. నీళ్లున్నాయని చెప్పడానికి మెకానిక్ ఎందుకు? ఆ నీళ్లు ఎక్కడివో చెప్పాలి.”

రేడియేటర్ మూత తీసి ఒళ్లో పెట్టాడు. లోపల నీలం రంగు నీళ్లు గొంతు దాకా నిండుగా ఉన్నాయి.

“చూశావా? ఇక్కణ్ణుంచి దిగుంటే ఇక్కడ తగ్గాలి.”

ఆ నోటికి చిన్న చేతిపంపు బిగించి గాలి కొట్టాడు. పంపు మీద ముల్లు ఒక గీత దగ్గర ఆగింది. హెడ్ పగిలి ఉంటే ఆ ముల్లు జారుతుందట. ఆయన గొంతుకూర్చుని ముల్లు చూస్తున్నాడు. తిరెలో చూస్తోంది. తల్లి చూస్తోంది. దుమ్ము దిగుతూ ఆకాశం కొద్దికొద్దిగా తెల్లబడుతోంది. మేకలు వచ్చి టార్పాలిను వాసన చూసి పోయాయి. పావుగంట గడిచింది. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.

“హెడ్ బాగుంది,” అన్నాడు.

తిరెలో వంగి బంపరు పట్టుకుంది. రెండు షాపులు, నాలుగు రోజుల ఏడుపు, బాబాయి మాటలు. వీటన్నిటి మీదా ఒక ముల్లు, కదలకుండా.

“మరి నీళ్లు?”

ఆయన బండి కిందికి దూరాడు. ఆయిల్ చాంబర్ నట్టు వదులు చేశాడు గానీ తియ్యలేదు. వేలితో అదిమి పట్టుకుని, జాము సీసా ఒకటి కింద పెట్టి, చుక్కచుక్కగా వదిలాడు.

“నాలుగు రోజులు నిలబడింది కదా. నీళ్లు బరువు, అడుక్కి చేరతాయి. ముందొచ్చేది అవే.”

వచ్చాయి. నీలంగా లేవు. ఆకుపచ్చ తిరిగిన పసుపు. సీసా వంచితే జిగురుగా, దారంలా సాగాయి. ఆయన సీసాను ఎండకు పట్టి చూశాడు. వేలు ముంచి నాలుక కొనకు తాకించుకున్నాడు. పక్కకు ఉమ్మేశాడు. ఎవరి వైపూ చూడకుండా సీసాను పక్కన పెట్టాడు.

తర్వాత ఇంజను నెత్తిన ఉండే ట్యాపెట్ కవరు నట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ తల్లి ఒళ్లోకి వెళ్లింది. కవరు రెండు చేతులతో, పసిబిడ్డ మీది దుప్పటి తీసినట్టు ఎత్తాడు.

తిరెలో ఆ బండిలో పెరిగింది. దాని వెనకసీటు మీద పాఠాలు చదివింది. కానీ దాని లోపల ఎన్నడూ చూడలేదు. పొడుగాటి ఇరుసు మీద పన్నెండు ఇనుప చేతులు వాలి ఉన్నాయి, నీళ్లతొట్టి దగ్గర పన్నెండు దూడలు తలలు వంచినట్టు. ఆ తెల్లటి మీగడ కిందనుంచి కూడా ఇనుము తేనెరంగులో మెరుస్తోంది. ముప్ఫై నాలుగేళ్లు తన పని తాను చేసుకుంటూ, ఎవరూ చూడకపోయినా ఇంత అందంగా ఉన్న వస్తువు మీదికి ఆమె ఇంకా వంగింది. నాన్న ఆదివారాలు చర్చికి కూడా ఆలస్యంగా ఎందుకు వచ్చేవాడో ఇప్పుడు కొంచెం తెలిసింది.

మొడిసె సన్నటి పటకారుతో రెండు ఇనుప చేతుల మధ్య నుంచి ఏదో పట్టి లాగాడు. వేలెడంత పచ్చటి పేలిక. ఒక అంచున చిన్న ముళ్లు.

దాన్ని కూడా తల్లి ఒళ్లో పెట్టాడు. ఇంకొకటి దొరికింది. అదీ పెట్టాడు. మూడోదీ పెట్టాడు.

ఆ ముళ్ల అంచును ఆ ప్రాంతంలో గుర్తుపట్టని మనిషి ఉండడు. బొందలగడ్డ నుంచి తిరిగొచ్చే ప్రతి ఒక్కరూ గేటు దగ్గర ఆగి, కలబంద ముక్కలు కోసి వేసిన బకెట్టులో చేతులు కడుక్కునే లోపలికి వస్తారు. ఆ ఇంట్లో కలబంద కోసే మనిషి ఒక్కరే.

పోయిన శనివారం సాయంత్రం షెడ్డు దగ్గర బకెట్టుతో అత్త కనిపించడం తిరెలోకు గుర్తొచ్చింది. టైర్లు కడుగుతున్నానంది.

“అత్తా...”

“తిరెలో,” తల్లి గొంతు మెత్తగానే ఉంది. “నట్లు లెక్కపెట్టు. ఎనిమిదేనా?”

“అమ్మా, అవి...”

“ఎనిమిదేనా అని అడిగాను.”

“ఎనిమిదే.”

తల్లి గుడ్డ కొస మడిచి ఆ మూడు పేలికల మీద కప్పింది.

మొడిసె పాత ఆయిలంతా దింపడానికి మళ్లీ కిందికి దూరాడు. ఆయన కాళ్లు మాత్రమే బయట కనిపిస్తున్నాయి. అప్పుడు అత్త నోరు విప్పింది, నేల వైపు చూస్తూ.

“ఆ రోజు అందరం చేతులు కడుక్కున్నాం. వాడి పెట్టె వెనకాలే వచ్చిందా బండి. బొందలగడ్డ దాకా వచ్చింది, అక్కణ్ణుంచి తిన్నగా షెడ్డులోకి పోయింది. అదొక్కటే కడుక్కోలేదు.”

తల్లి వింటోంది.

“ఏడాది పాటు నాకదే గుచ్చుకుంది. మీరు తాళం తిప్పుతారని తెలిసి ముందు రోజు చక్రాలు కడిగాను. తిరిగింది చక్రాలొక్కటేనా, లోపలది కూడా కదా అనిపించింది. బోనెట్ ఎత్తితే ఒక నోరు కనిపించింది. మూత తీసి ఆ కలబంద నీళ్లే పోశాను.”

“ఎంత పోశారు వదినా?”

“రెండు చెంబులు.”

తల్లి భుజాలు కదిలాయి. శాలువా ముఖం మీద ఉంది. నవ్వో ఏడుపో తిరెలోకు తెలియలేదు.

“పొగ కక్కి ఆగిపోతే వాడికి నా మీద కోపమనుకున్నాను,” అంది అత్త. “నేను కడిగింది వాడికి గిట్టలేదనుకున్నాను. కళ్ల ముందు లేకపోతే చాలనుకున్నాను. అందుకే ఇచ్చెయ్యమన్నాను.”

“ఒక్క మాట చెప్పుంటే...” తిరెలో ఆగలేకపోయింది. “బాబాయి అమ్మేసేవాడత్తా! ముక్కలు చేసేవాళ్లు!”

“చెబితే? ఎల్లుండి మీ అమ్మ నల్లబట్టలు విప్పే చేతులివి. ఈ చేతులే చెడగొట్టాయని ఊరంతా అనుకుంటే, వేరే ఎవరు విప్పుతారే?”

మొడిసె కిందనుంచి బయటికి వచ్చాడు. ఎంత విన్నాడో, ఎవరి పెదాలు చూశాడో తెలియదు. తల్లి ఎదురుగా కూర్చుని చెప్పాడు.

“లోపల పోసింది మంచికే పోశారు. అది సరే. కానీ బండి అరనిమిషం ఆడింది. ఆ అరనిమిషం అడుగున బేరింగులు ఆయిల్ తాగాయా, నీళ్లు తాగాయా? నీళ్లు తాగుంటే హెడ్ బాగున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అది ఇప్పుడు చెప్పలేను. కడిగి, ఆడించి, విని చెప్పాలి.”

“వినడమా?” తిరెలో నోరు జారింది. “మీరా?”

ముసలాయన పళ్లు కనిపించేలా నవ్వాడు. పళ్లు మాత్రం గట్టిగా ఉన్నాయి.

రెండుసార్లు పలచటి ఆయిల్ పోసి, ఇంజనును ముట్టించకుండా చేత్తో తిప్పి, రెండుసార్లు దింపాడు. రెండోసారి వచ్చింది శుభ్రంగా వచ్చింది. ఫిల్టరు మార్చాడు. కొత్త ఆయిల్ పోశాడు. కవరు మూసి, చూడకుండానే చెయ్యి వెనక్కి చాపాడు. తల్లి ఒక నట్టు పెట్టింది. మళ్లీ చాపాడు. మళ్లీ పెట్టింది. మూడో నట్టు దగ్గర ఆయన ఆగి దాన్ని తిప్పి చూశాడు. తర్వాత ఆవిడ ఒళ్లో చూశాడు. నట్లు వరసగా ఉన్నాయి, వచ్చిన వరసలోనే. ఏ రంధ్రానిది ఆ రంధ్రానికే ఇస్తోంది. ఎవరూ చెప్పలేదు ఆవిడకు.

“ఖుమో అన్నీ కలిపేసేవాడు,” అన్నాడు మొడిసె. అంతకంటే పొగడ్త ఆయన ఇంతవరకూ ఎవరికీ ఇచ్చి ఉండడు.

పొద్దు తుమ్మచెట్టుకు జానెడు పైన ఉంది. అత్త పొద్దు వైపు చూసింది, మరదలి నల్లబట్టల వైపు చూసింది.

“కూర్చో,” అన్నాడు మొడిసె తిరెలోతో. “నేను చెయ్యెత్తితే తిప్పు. చెయ్యి దించితే ఆ క్షణమే ఆపు.”

మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు తీశాడు. చెక్కపిడి మీద పళ్ల గాట్లు. దాని కొన ఇంజను మీద ఆనించి, పిడిని పళ్ల మధ్య పెట్టి కరిచాడు. కళ్లు మూసుకున్నాడు. చెవులు చెయ్యని పని ఆయన ఎముకలు చేస్తాయి.

చెయ్యెత్తాడు.

తిరెలో తాళం తిప్పింది. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారికి ఇంజను అందుకుంది.

ముందు ఆరు సిలిండర్లు ఆరు గొంతులతో ఆరు రకాలుగా పలికాయి. మెల్లగా దగ్గరై, ఒకదాంట్లో ఒకటి కలిసి, ఒక్క గొంతయింది. లోతైన గొంతు. ఏడాదిగా ఎవరూ సరిగ్గా వినని గొంతు. తల్లి చాప మీద అరచేతులు ఆనించింది. నేల అదురుతోంది. ఆవిడ చేతులు తీయలేదు.

ఎదురింటాయన గోడ దాటి వచ్చాడు. బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్లు తీగ వదిలి వచ్చారు. సారా దుకాణం నుంచి నలుగురు మగవాళ్లు వచ్చి, కళ్లు మూసుకున్న ముసలాయనను చూసి ఒకరి తర్వాత ఒకరు టోపీలు తీశారు.

స్క్రూడ్రైవరు ఒకటో చోటు నుంచి రెండో చోటుకు జరిగింది. మూడో చోటుకు జరిగింది. నాలుగో చోట ఆగింది. ఆయన కనుబొమలు దగ్గరయ్యాయి. తిరెలో ఆయన ఎడమచేతినే చూస్తోంది, అది దిగుతుందేమోనని. అత్త పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా, తమ్ముడి పేరుతో.

చెయ్యి దిగలేదు. స్క్రూడ్రైవరు ఐదో చోటుకు జరిగింది. ఆరో చోటుకు జరిగింది.

పిడి నోట్లోంచి తీసి తుడుచుకున్నాడు.

“ఐదు బాగున్నాయి. నాలుగోది ఏదో అంటోంది.”

“ఏమంటోంది?”

“ఇంకా మాట కాలేదు. గొంతు సవరించుకుంటోంది. మెల్లగా ఇంటికి పోనివ్వు. ఉరికించకు. నూరు కిలోమీటర్లు తిప్పి మళ్లీ తీసుకురా, విని చెబుతా, బతికిందో లేదో.” కాస్త ఆగాడు. “యజమానిని తీసుకురా. అప్పటికి ఎవరైతే వాళ్లని.”

*

పొద్దు కుంకకముందే గుషేషె వీధి మలుపు తిరిగింది. గేటు దగ్గర ఒలెబిలె నిలబడి ఉన్నాడు. బండి కనిపించక ముందే అతనికి వినపడింది. అన్న పక్కసీటులో కూర్చుని పెద్దవాడయిన మనిషి. టోపీ తీశాడు. తీసిన సంగతి తనకే తెలియలేదు.

బండి షెడ్డులోకి పోయేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు.

“ఏమయిందంట దానికి?”

తిరెలో తల్లి వైపు చూసింది.

“లోపలికి నీళ్లు పోయాయి,” అంది తల్లి.

“హెడ్ పగల్లేదా?”

“లేదు.”

“మరి నీళ్లెక్కడివి? నీళ్లు ఊరికే పోవు కదా వదినా. రేపు కొనేవాడు అడిగితే నేనేం చెప్పాలి?”

“కొనేవాడా?” తిరెలో తాళం గుప్పిట్లో బిగించింది. “నడిచింది కదా బాబాయ్! తన కాళ్ల మీద వచ్చింది కదా!”

“వచ్చింది. నడవకపోతే అమ్ముతానన్నాను. నడిస్తే అమ్మనని ఎప్పుడన్నాను? ముక్కల కోసం కొనేవాడు పోతాడు, నడుపుకునేవాడు వస్తాడు. ఇంకా మంచిదే.” అతను అక్క వైపు తిరిగాడు. “పంచేది నువ్వు. పొద్దున నువ్వే ఇచ్చెయ్యమన్నావ్. ఆ మాట మీదున్నావా అక్కా?”

అత్త గేటు పట్టుకుని నిలబడింది.

“ముందు తిండి తినండి,” అంది.

పులిసిన జొన్న సంకటి, దంచిన గొడ్డుమాంసం, ఉడికించిన ఆకుకూర. ఒలెబిలె బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. అత్త ఎదుటి కుర్చీలో. తిరెలో స్టూలు మీద. తల్లి గోడవార తన చాప మీద, తన నీలం అంచు గిన్నెతో. ఏడాదిగా ఆ గిన్నె వేరు, ఆ చెంచా వేరు. కడగడం కూడా వేరుగానే. శనివారం దాకా అందులో ఇంకొకరి చెయ్యి పడకూడదు.

“అక్కా, అడిగాను,” అన్నాడు ఒలెబిలె.

అత్త తన పళ్లెం బల్ల మీదే వదిలి లేచింది. నాలుగడుగులు వేసి, మోకాళ్ల మీద చెయ్యి ఆనించి, మరదలి చాప మీద కూర్చుంది. ఆ నీలం అంచు గిన్నెలో చెయ్యి పెట్టి సంకటి ముద్ద తీసుకుంది. ఆకుకూర అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

ఒలెబిలె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

“అక్కా...”

అత్త తల ఎత్తలేదు. నములుతోంది. తల్లి గిన్నెను కొద్దిగా, ఇద్దరికీ మధ్యకు జరిపింది.

తిరెలో బాబాయి వైపు చూసింది. బాబాయి ఆ రెండు చేతుల వైపు చూస్తున్నాడు, ఒకే గిన్నెలో ఒకదాని తర్వాత ఒకటి దిగుతున్న చేతులు. తర్వాత, తన ప్రశ్నకు జవాబు అందినట్టు తల దించుకుని సంకటి తుంచుకున్నాడు; కొనేవాడి మాట మళ్లీ ఎత్తలేదు.

షెడ్డులో ఇంజను చల్లారుతోంది. నలుగురూ తిన్నారు.